పెళ్లిచూపులకు వండిన ఇస్టూ

వంట బాగా చేస్తావని ఎవరైనా మెచ్చుకుంటే మా అమ్మకు చిన్నతనంగా ఉండేది. "వంటదేముంది, అందురూ చేస్తారు. నాకు ఇస్టూ వచ్చు" అనేది. ఆ రెండో మాట చెప్పేటప్పుడు ఆమె మెడ కొంచెం నిటారుగా అయ్యేది.

అమ్మ చిన్నప్పుడు నెల్లూరులో మిషన్ బోర్డింగులో చదువుకుంది. సెలవులకు ఇళ్లకు పోలేని పిల్లలను అక్కడి దొరసానమ్మ తన బంగళాలో ఉంచుకొని పనీపాటా నేర్పేదట. అమ్మకు కుట్టుపని పట్టుబడలేదు. లేసు అల్లడం అంతకంటే పట్టుబడలేదు. ఇస్టూ మాత్రం వచ్చింది. దాని అసలు పేరు స్టూ అని నాన్న సరిచేయబోయేవాడు. "దొరసానమ్మ దగ్గిర నేర్చుకున్నది నువ్వా నేనా?" అని అమ్మ అడిగేది. అంతటితో మా ఇంట్లో అది ఇస్టూగానే స్థిరపడింది.

దొరసానమ్మ తన దేశానికి వెళ్లిపోతూ అమ్మకు ఒక గిన్నె ఇచ్చింది. ఇనుముతో చేసింది. బయట నీలం రంగు, లోపల తెల్లని పింగాణీ పూత. మూత ఎత్తాలంటేనే రెండు చేతులూ కావాలి. అందులో పప్పు గానీ పులుసు గానీ కాయడానికి వీల్లేదు. క్రిస్మస్‌కూ ఈస్టరుకూ అటక మీంచి దించడం, ఇస్టూ వండడం, కడిగి తుడిచి మళ్లీ అటక ఎక్కించడం. మా ఇంట్లో పసిపిల్లలను కూడా అంత జాగ్రత్తగా దించి ఎత్తలేదు.

ఇస్టూ అంటే ఏమిటో చెప్పాలి. యాట మాంసం పెద్ద ముక్కలు, ఉర్లగడ్డలు, క్యారెట్లు, బీన్సు, చిన్న ఎర్రగడ్డలు, అన్నీ ఆ ఒక్క గిన్నెలోనే ఉడకాలి. మిరియాలు, లవంగాలు, ఒక దాల్చినచెక్క ముక్క. దించే ముందు కొబ్బరిపాలు. అంతే. కారం లేదు, చింతపండు లేదు, పసుపు కూడా లేదు. పచ్చడి మెతుకుల్లోకి కూడా పచ్చిమిరపకాయ కొరుక్కునే మా నెల్లూరు జిల్లాలో అలాంటి మాంసం కూర వండడానికి చాలా గుండె నిబ్బరం ఉండాలి. అమ్మకు ఉంది.

నాన్న మిషన్ బళ్లో టీచరు. దొరవారిసత్రం స్టేషనుకు బండి దూరంలో, పులికాట్ సరస్సు వైపు ఉండే పల్లెలో మా ఇల్లు. ఆయనకు అమ్మంటే ప్రేమా ఉంది, భయమూ ఉంది. పండుగ పూట ఇస్టూ తింటూ "దివ్యంగా ఉందే" అనేవాడు. అంటూనే చొక్కా జేబులోంచి వేయించిన చల్లమిరపకాయ ఒకటి తీసి నోట్లో వేసుకొని, అది కరకరమన్నప్పుడల్లా గట్టిగా దగ్గేవాడు. "ఈయనకు పండగ పూటే దగ్గొస్తాది" అని అమ్మ పాస్టరు గారితో చెప్పి, ఆయన ఆరోగ్యం కోసం ప్రార్థన కూడా చేయించింది.

యాభైల చివరి సంవత్సరాలవి. నేను టీచరు ట్రైనింగు ముగించి ఇంట్లో ఉన్నాను. పాస్టరు గారే ఒక సంబంధం తెచ్చారు. చిట్టమూరు దిక్కు పల్లె. మన సంఘం వాళ్లే. పిల్లవాడికి తండ్రి లేడు. తల్లే సేద్యం నడిపి చదివించింది. చదువయ్యాక అతను ఉద్యోగానికి పోకుండా ఆమెతోపాటు వరి పొలం చూసుకుంటున్నాడు. తల్లి, మేనమామ, పిల్లవాడు, ముగ్గురూ వచ్చి నన్ను చూసి, భోంచేసి, సాయంత్రం బండికి వెళ్లిపోతారని కబురు.

"ఇస్టూ పెడదాం" అంది అమ్మ.

నాన్న చేతిలోని పత్రిక దించాడు. "ఏమే, వాళ్లు సేద్యగాళ్లు. పొద్దన్నే సద్దిలోకి మిరపకాయ నంజుకొని పొలానికి పొయ్యేవాళ్లు. వాళ్లకు ఎర్రంగా కూర చేసి పెట్టరాదా?"

"మనం ఎట్టాంటోళ్లమో మొదటి దినమే వాళ్లకు తెలియాల."

"తెలుస్తాదనే గదా నా భయం."

అమ్మ ఆ మాట విననట్టే అటక వైపు చూసింది. గిన్నె దించక తప్పదని నాకు అర్థమైంది.

క్యారెట్లూ బీన్సూ మా పల్లెలో ఎవరూ పండించరు. మద్రాసు నుంచి రైల్లో సూళ్లూరుపేటకు వస్తే అక్కడ దొరుకుతాయి. నాన్న బడికి సెలవు పెట్టి వెళ్లి తెచ్చాడు. ఆయన సంచి దించగానే పక్కింటి వాళ్లు వచ్చి క్యారెట్లను చేతిలోకి తీసుకొని చూశారు. "ఎర్ర ముల్లంగులా మేష్టరా?" అని ఒకావిడ అడిగింది. "అట్టాంటియ్యే" అన్నాడు నాన్న, అలసిపోయి.

పెళ్లిచూపుల రోజు తెల్లవారే సరికి వాన మొదలైంది. కార్తీకంలో మా తీరానికి పట్టే ముసురు సంగతి తెలిసిందే. పట్టిందంటే ఒక పట్టాన వదలదు. పెరట్లో మా వంటిల్లు తాటాకుల కొట్టం. అమ్మ ఆ కొట్టంలో పొయ్యి ముందు కూర్చొని, మాంసాన్ని నేతిలో తిప్పి, ఎర్రగడ్డలు వేసి, నీళ్లు పోసి, మూత పెట్టింది. సరుగుడు కట్టెలను వెనక్కి లాగి మంట తగ్గించింది. ఇక ఆ మూత ఎత్తే అధికారం ఆమెకు తప్ప ఎవరికీ లేదు. నేను క్యారెట్లు చక్రాలుగా కోస్తుంటే, "అట్టా కాదు, నిలువుగా. దొరసానమ్మ నిలువుగా కోసేది" అంది. చక్రాలుగా కోసినవన్నీ నా చేతే తినిపించింది.

వాళ్లు వచ్చేసరికి నిలువునా తడిసిపోయి ఉన్నారు. ఎడ్లబండి లోంచి ముందు మేనమామ దిగాడు. సన్నగా, పొడుగ్గా, ప్రతి మాటకూ తల వంచే మర్యాదస్తుడు. వెనక ఆమె. పొలంలో ఎండిన ముఖం, పెద్ద చేతులు, నేరుగా చూసే కళ్లు. ఆమెను నేను అప్పుడే మనసులో అత్త అనుకున్నాను. వయసులో పెద్ద ఆడవాళ్లందరూ మాకు అత్తలే కాబట్టి అందులో విశేషం లేదు. ఆఖర్న పిల్లవాడు, తల మీద తువ్వాలు కప్పుకొని దిగాడు. ముక్కు ఎర్రగా ఉంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నాన్న నన్ను అతనికి చూపించి, "మా పాప" అన్నాడు. అతను నన్ను చూసి పెద్దగా తుమ్మాడు. అతను నాతో మొదట పలికింది అదే.

మేం శకునాలు పట్టించుకునేవాళ్లం కాము. అయినా మేనమామ వసారాలో కూర్చోబోతూ ఒక్క నిమిషం నిలబడి, ఆ తర్వాతే కూర్చున్నాడు.

తడిబట్టలు మార్చుకున్నాక భోజనాలు పెట్టాం. మేనమామ ప్రార్థన చేశాడు. పైరు కోసం, పశువుల కోసం, రైళ్లు నడిపేవాళ్ల కోసం కూడా చేశాడు. ఆమెన్ అన్నాక అమ్మ రెండు చేతులతో మూత ఎత్తింది. ఆవిరి లేచింది. తెల్లని రసంలో ఎర్రని క్యారెట్టు ముక్కలు, పచ్చని బీన్సు, మెత్తగా ఉడికిన మాంసం. నిజంగా చూడ ముచ్చటగా ఉంది. అన్నం మీద పోసింది.

  మేనమామ ఒక ముద్ద తిని అక్క వైపు చూశాడు. ఆమె ఒక ముద్ద తిని పళ్లెం వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపులో జాలి ఉంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. చీర బాగాలేదేమో అనుకున్నాను.

"మెత్తంగా ఉండాదమ్మా" అన్నాడు మేనమామ ఎంతో జాగ్రత్తగా. "అరుగుదలకు శానా మంచిది."

అమ్మ ముఖం వెలిగిపోయింది. నాన్న దగ్గాడు.

పిల్లవాడు మాత్రం తల ఎత్తకుండా తింటున్నాడు. ఒకసారి వడ్డిస్తే తిన్నాడు. మళ్లీ పోయమన్నాడు. మూడోసారి పళ్లెం తనే ముందుకు జరిపాడు. అమ్మ నన్ను వంటకొట్టంలోకి లాక్కుపోయి, "చూసినావా? సంస్కారం ఉండే పిల్లోడు. ఎక్కడ పెరిగితేనేం, నాలిక చెప్తాది" అంది. నాకూ అలాగే అనిపించింది. కొత్తచోట, కొత్త కూరను అంత ఇష్టంగా తినే మనిషి చెడ్డవాడు కాలేడు అనుకున్నాను. అతని ముఖం కూడా, ఆ ముక్కు సంగతి వదిలేస్తే, బాగానే ఉంది.

సాయంత్రం బండికని బయలుదేరినవాళ్లు కాసేపటికే వెనక్కి వచ్చారు. ఎగువన ఎక్కడో పట్టాల మీద నీళ్లు పారుతున్నాయట. రైళ్లు ఆపేశారు. తిరిగి ఎప్పుడు నడుస్తాయో స్టేషను వాళ్లకే తెలియదు.

"మీ ఇల్లే అనుకోండి" అన్నాడు నాన్న. ఆ మాట ఆయన మర్యాదకే అన్నాడు గానీ, అత్త దాన్ని అక్షరాలా పాటించింది. అప్పటి నుంచి నాకు కష్టాలు మొదలయ్యాయి.

"అమ్మాయ్, ఒక బిందెడు నీళ్లు తోడుకురా" అంది. బావి దగ్గరికి గొడుగుతో నా వెంట వచ్చి, నేను చేద లాగుతుంటే నా ఊపిరి వింటూ నిలబడింది. ఇంట్లోకి రాగానే, "ఆ అటక మింద చాప దించు" అంది. నిచ్చెన ఎక్కి దించాను. "ఇంకోటి దించు" అంది. మళ్లీ ఎక్కాను. దిగాక నా గోళ్లు నొక్కి చూసింది. "కంట్లో ఏందో నలక ఉన్నట్టుండాదే" అంటూ కింది రెప్ప లాగి చూసింది. చివరికి, "నాలిక మింద ఏమన్నా పూత ఉండాదా, ఏదీ చాపు" అంది.

పశువుల సంతలో ఎడ్లను చూసేవాళ్లు కూడా అంత పరీక్ష చేయరు. ఒళ్లు మండిపోయి అమ్మతో చెప్పాను.

"పనిమంతురాలివో కాదో చూస్తా ఉంది" అంది అమ్మ.

"నాలిక చూస్తే పని తెలుస్తాదా?"

"సేద్యం చేసేవాళ్లకు ఏం తెలుస్తాదో మనకేం తెలుసు? ఊరుకో."

దీపాలు పెట్టాక మిగిలిన ఇస్టూను వెచ్చజేసి వడ్డించబోతే మేనమామ పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "మాకు ఉత్త మజ్జిగ చాలమ్మా. అది పాప కోసం ఉంచండి" అన్నాడు.

"పాపకు ఉంచినాలే అన్నయ్యా, తినండి" అంది అమ్మ, అతని మంచితనానికి పొంగిపోయి.

నీళ్లు తోడి నిచ్చెనలెక్కి నాకు బాగా ఆకలేసింది. కడుపునిండా తిన్నాను. నేను మళ్లీ పెట్టించుకుంటుంటే అత్త కొంగుతో కళ్లు ఒత్తుకోవడం చూశాను. పొగ అనుకున్నాను.

మర్నాడు తెల్లవారేసరికి వంటకొట్టం కప్పు కారి పొయ్యి మడుగైపోయింది. వసారాలో ఇటుకలు పేర్చి ఒక పొయ్యి వేశాం. ఇంట్లో ఎండు కట్టెలు ఉన్నచోటు అదొక్కటే, కాబట్టి పొయ్యి కూడా ఒక్కటే. ముందు అన్నం వండి, గుడ్డ చుట్టి పక్కన పెట్టాలి. తర్వాత ఏది వండినా అందరికీ ఒకే గిన్నెలో వండాలి. ఇంతమందికి సరిపడే గిన్నె దొరసానమ్మదే.

దిగువ వీధిలో ఎవరో పొట్టేలును కోసి పోగులేస్తున్నారని తెలిసి నాన్న గొడుగు వేసుకొని వెళ్లాడు. ఆయన వచ్చేలోపు అమ్మ మిగిలిన క్యారెట్లూ ఉర్లగడ్డలూ ముందు పోసుకొని కూర్చుంది. అత్త వచ్చి పొయ్యికి అవతలి పక్క కూర్చుంది. నేను మధ్యలో ఎర్రగడ్డలు వలుస్తున్నాను.

"వదినా, ఇయ్యాల నేను వండుతా. నువ్వు కాసేపు నడుం వాల్చు" అంది అత్త.

"ఇంటికొచ్చినోళ్ల చేత వండిస్తానా? నువ్వు కూర్చో వదినా. ఇయ్యాల కూడా ఇస్టూనే."

అత్త పొయ్యిలోకి ఒక పుల్ల తోసింది. తర్వాత గొంతు తగ్గించి, "ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోబాక. పిల్లకు ఎన్నాళ్ల నుంచి?" అంది.

"ఏది ఎన్నాళ్ల నుంచి?"

"అదే వదినా, ఈ పత్తెం."

"ఏం పత్తెం?"

"కారం లేదు, పులుపు లేదు, కడాకు పసుపన్నా లేకపాయ. మాకు తెలీదా? మా ఆడబిడ్డకు కామెర్లు వచ్చినప్పుడు ఇట్టనే పెట్టినాం. అయినా ఆమెకు వేరేగా వండినామే గాని మేం తినలా. మీరు ఒక్క పిల్ల కోసం ఇంటిల్లిపాదీ అదే తింటా ఉండారంటే, మీ మనసు మంచిది వదినా. చూపులకొచ్చిన మాకు గూడా అదే పెట్టినారు. జబ్బు సంగతి నోటితో చెప్పలేక కూరతో చెప్పినారని మాకు అర్థమైంది."

అమ్మ చేతిలోని ఉర్లగడ్డ అలాగే ఉండిపోయింది.

అత్త ఆగలేదు. "దాపరికం లేకుండా చెప్పినందుకు మాకు సంతోషమే. నేనూ మా తమ్ముడూ మాట్లాడుకున్నాం. పిల్ల ముఖాన కళ ఉండాది. నీళ్లు తోడగలదు, నిచ్చెనెక్కగలదు, తిండి బాగా తింటాది. జబ్బు ఏదైనా గానీ, నెల్లూరు పెద్దాసుపత్రికి నేనే తీసకపోతా. మాకు ఇష్టమే వదినా."

నాకు నవ్వు రాలేదు. ఆశ్చర్యమేసింది. నాకేదో తగ్గని జబ్బు ఉందని నిజంగా నమ్మి కూడా ఈమె నన్ను చేసుకోవడానికి ఒప్పుకుంటోంది. నిన్నటి నుంచి ఆమె మీద పెంచుకున్న కోపమంతా ఏం చేసుకోవాలో తెలియలేదు.

నవ్వింది నాన్న. ఆయన అప్పుడే మాంసం పొట్లంతో మెట్లెక్కి ఆ మాటలన్నీ విన్నాడు. గొడుగు ఒక పక్కకు పడిపోయింది. పొట్లం నేను అందుకున్నాను. ఆయన పొట్ట పట్టుకొని ముందుకు వంగాడు. వంగేసరికి చొక్కా జేబులోంచి చల్లమిరపకాయలు జలజలా రాలి, అమ్మ ముందు పడ్డాయి.

అమ్మ ఒక మిరపకాయ తీసి చూసింది. ఇన్నేళ్ల పండుగలూ, ఇన్నేళ్ల దగ్గులూ ఆమెకు ఒక్కసారిగా తెలిసిపోయాయి. గరిటె అత్త చేతికిచ్చి, లేచి లోపలికి వెళ్లి, గోడ వైపు తిరిగి కూర్చుంది.

నేను వెంట వెళ్లాను. "అమ్మా" అన్నాను.

"జబ్బోళ్ల కూరంట" అంది గోడతోనే. "దొరసానమ్మ బంగళాకొచ్చిన కలెక్టరు దొర మళ్లా మళ్లా అడిగి పెట్టించుకున్న ఇస్టూ ఇది. మీ నాయనేమో జేబులో మిరపకాయలు పెట్టుకొని నాతో కాపురం చేసినాడు."

నాన్న గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడ్డాడు. "నీ కూర మీద కాదే, నా నాలిక అట్టాంటిది" అన్నాడు. అమ్మ ఇంకొంచెం గోడ దగ్గరికి జరిగింది. నాన్న మెల్లగా వెనక్కి పోయాడు.

ఆమెను లేపింది అత్తే. వచ్చి పక్కన కూలబడి, "వదినా, నాకు తెలీక అన్నా. ఏనాడూ చూసినదాన్ని కాదు గదా. నన్ను తిట్టు, పడతా. కానీ నువ్వు వచ్చి దగ్గిరుండాల. ఆ గిన్నె వాటం నాకు తెలీదు. దాని మూతెత్తబోతే ఏలు నలిగింది" అని వేలు చూపించింది.

అమ్మ వేలు చూసింది. "మూతను పక్కకు జరిపి ఎత్తాల. నేరుగా ఎత్తితే అట్టనే అవుతాది" అంటూ లేచింది.

ఆ వంటను నేను దగ్గరుండి చూశాను. అత్త ఎర్రగడ్డలు వేయించి, అల్లం తెల్లగడ్డ నూరి వేసి, మాంసం వేసి, గుప్పెడు కారం పోసింది. పింగాణీ తెలుపంతా ఎర్రబారింది. అమ్మ కళ్లు మూసుకుంది. అత్త ధనియాల పొడి వేసింది. పక్కింటి దడి మీద కాసిన సొరకాయ కోసింది. వంకాయలు వేసింది. ఉర్లగడ్డలు కూడా పోయబోతుంటే అమ్మ కళ్లు తెరిచి, "ఆగు!" అని అరిచింది. "ఇప్పుడే వేస్తే గంజైపోతాది. మాంసం సగం ఉడకాల."

"అట్టనా?" అని అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మంట కూడా అంత వొద్దు. కట్టె లాగు."

"లాగినా."

"ఇంకొంచెం."

అలా ఒకరు వండుతూ, ఇంకొకరు ఆపుతూ, వేటపాలెం జీడిపప్పు మంచిదా మద్రాసుది మంచిదా అన్న దాకా మాటలు సాగాయి. క్యారెట్లు ఏం చేయాలన్న దగ్గర ఇద్దరూ చిక్కుపడ్డారు. చింతపండు పులుసులో క్యారెట్టు ఉడకడం ఎవరూ చూడలేదు. "ముల్లంగి వేస్తాం గదా" అంది అత్త. "వెయ్యి మరి" అంది అమ్మ. నిలువుగా కోసినవే వేశారు. చివర్లో పులుసు పోశాక వచ్చిన వాసనకు మేనమామ ఏదో పని ఉన్నట్టు అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు. నాన్న చేయి కడుక్కొని, పిలవకముందే కూర్చున్నాడు.

మేనమామ ఆ రోజు ప్రార్థన రెండు ముక్కల్లో ముగించాడు. రైళ్ల సంగతే ఎత్తలేదు.

అమ్మ మొదటి ముద్ద తినగానే ఆమె కళ్లలోంచీ ముక్కులోంచీ నీళ్లు కారాయి. "మజ్జిగ పొయ్యమంటావా వదినా?" అంది అత్త కంగారుగా. అమ్మ చేత్తోనే వద్దంది. కొంగుతో ముఖం తుడుచుకొని ఇంకో ముద్ద తింది. పళ్లెం ఖాళీ చేసింది. "ఆ సొరకాయ ముక్కలు ఇంకొంచెం వెయ్యి" అంది. అంతా అయ్యాక, "బాగుండాది. కానీ ఇది ఇస్టూ కాదు" అని తీర్పు చెప్పింది.

"కాదు, కాదు" అన్నాడు నాన్న. ఆయన చొక్కా జేబు ఆ పూట బోసిగా ఉంది.

అమ్మకు ఇంకా ఒక ఆశ మిగిలి ఉంది. పిల్లవాడి వైపు తిరిగి, "నాయనా, నువ్వు చెప్పు. నిన్నటిది బాగుందా, ఇయ్యాల్టిది బాగుందా?" అని అడిగింది.

అతను పళ్లెంలోకి చూశాడు. మా అందరి ముఖాలూ చూశాడు. "నిన్నటిదీ ఇదీ వేరా?" అన్నాడు.

అతను ముక్కు ఎగబీల్చాడు.

"నాకు నాలుగైదు దినాల నుంచి జలుబు అత్తా. వాసన తెలీదు, రుచీ తెలీదు. వేడిగా ఉండాది గదా అని తిన్నా. ఇయ్యాల గొంతులో కొంచెం చురుక్కుమంటా ఉంటే, జలుబు ముదిరిందేమో అనుకున్నా."

నాన్న మళ్లీ వంగిపోయాడు. ఈసారి అమ్మ కూడా నవ్వింది. ముందు పెదవి బిగపట్టి, తర్వాత ఆపుకోలేక నవ్వింది. నాకు మాత్రం ఒక్క క్షణం దిగులేసింది. సంస్కారమనుకున్నది పడిశమని తేలింది కదా. మరి ఆ మనిషి గురించి నాకు తెలిసిందేమిటి? ఇద్దరు పెద్దవాళ్లు తన మెప్పు కోసం చూస్తుంటే కూడా తెలియనిది తెలియదని చెప్పాడు. అది మాత్రం తెలిసింది. నిన్నటి కంటే అదే గట్టి సంగతి అనిపించింది.

మధ్యాహ్నం వాన కాస్త తెరిపి ఇచ్చింది. నేను వసారా అంచున తడిబట్టలు దండెం మీద వేస్తుంటే అతను వచ్చి కొంచెం దూరంలో నిలబడ్డాడు.

"మా అమ్మ చానా ఇబ్బంది పెట్టిందంట గదా" అన్నాడు.

"నాలిక చాపమన్నారు."

"చాపినారా?"

"చాపినాను."

అతను నవ్వబోయి తుమ్మాడు. తువ్వాలుతో ముక్కు తుడుచుకొని, "మీకు నిజంగా జబ్బేం లేదు గదా?" అన్నాడు.

"లేదు. మీకు జలుబు గాక ఇంకేమన్నా ఉండాయా?"

అతను కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "కోపం తొందరగా వస్తాది. తొందరగానే పోతాది. పాటలు పాడితే శృతి కుదరదు. అయినా పాడతా" అన్నాడు. అంతే మేం మాట్లాడుకున్నది. లోపల నుంచి అమ్మ పిలిచింది, నేను వెళ్లిపోయాను.

ఆ మర్నాటికి ఎండ కాసింది. పొద్దుటి పాసింజరు నడుస్తుందని స్టేషను నుంచి కబురొచ్చింది. అత్త బయలుదేరుతూ అమ్మ చేతులు పట్టుకొని, "మాకు ఎప్పుడో ఇష్టం. మీరు చెప్పాల" అంది. అమ్మ వెంటనే సరే అంటుందనుకున్నాం. ఆమె పైట సర్దుకొని, "ఒక్క షరతు వదినా" అంది. నాన్న బెదిరిపోయాడు. "పెండ్లికి నీ వంట నువ్వు చేసుకో, నేను కాదనను. ఇస్టూ కూడా ఉండాల. దాని పక్కన ఇది పత్తెం కాదని అందురికీ చెప్పడానికి మీ తమ్ముడు నిలబడాల."

మేనమామ తల వంచి ఒప్పుకున్నాడు. ఎండాకాలంలో పెళ్లి జరిగింది. చెప్పిన ప్రకారమే ఆయన కొత్త కండువా వేసుకొని ఆ నీలం గిన్నె పక్కన నిలబడి, వచ్చిన ప్రతివాళ్లకూ, "దొరల కూర. జబ్బులేం లేవు, పిల్ల ఆరోగ్యం భేషుగ్గా ఉండాది" అని చెప్పాడు. అంతకుముందు నా ఆరోగ్యం సంగతి ఆలోచించనివాళ్లు కూడా అప్పుడు నన్ను తేరిపార చూశారు.

చిట్టమూరు దిక్కు పల్లెలో నా కాపురం మొదలైంది. ఆ ఇంటి కారానికి అలవాటు పడేవరకు నాలుగు మెతుకులకు ఒక గ్లాసు మజ్జిగ తాగేదాన్ని. అత్త చూసీ చూడనట్టు నా కూర ముందుగా తీసిపెట్టి, తర్వాత మిగతా దానికి కారం వేసేది. నేను ఆ ఊరి బళ్లో టీచరుగా చేరాను. మా ఆయన పొద్దున్నే పొలానికి పోతూ గట్టు మీద పాడేవాడు. శృతి సంగతి అబద్ధం చెప్పలేదని ఊరంతా సాక్ష్యం.

పిల్లలు పుట్టాక, అరవైల మధ్యలో, అతనికి క్యారెట్లు పండించాలని బుద్ధి పుట్టింది. నాకు ఇష్టమని సూళ్లూరుపేట దాకా పోయి తేవడం ఎందుకు, ఇంట్లోనే పండిస్తే పోలా అన్నాడు. మద్రాసు నుంచి విత్తనాలు తెప్పించి, దొడ్డి వెనక ఇసుక నేలలో చల్లి, పిల్లల చేత నీళ్లు పోయించాడు. చలికాలం వెళ్లేలోపు అంతా కలిసి తవ్వి చూశాం. ఒక్కోటి చిటికెన వేలంత కూడా లేదు. కొన్నిటికి కాళ్లూ చేతులూ కూడా మొలిచాయి. అతను వాటిని తట్టలో వేసుకొని, దిగులుగా తెచ్చి అత్త ముందు పెట్టాడు.

అత్త ఒకటి తీసి, దుమ్ము తుడిచి, కొరికి చూసింది. "వీటికేం, గట్టిగా ఉండాయి" అంది. అన్నీ కడిగి ఆరబెట్టి, ఆవపిండీ కారమూ నిమ్మరసమూ కలిపి జాడీలో పెట్టింది. ఆ ఏడు మా ఇంట్లో మజ్జిగన్నంలోకి అదే ఊరగాయ. ఊళ్లో ఒక్కొక్కరే గిన్నెలు పట్టుకొని వచ్చి అడగడం మొదలుపెట్టారు. వచ్చే సంవత్సరం ఇంకో రెండు మళ్లు ఎక్కువ వేయమని అత్త కొడుకును పొలానికి తరిమింది.